మా నాన్నగారి తరఫున, కొట్టు తరఫున కృతజ్ఞతలు

పప్పుల టోకు కొట్టు నడిపిన మా నాన్నగారు కాలం చేశాక ఇంటికి వచ్చినవాళ్ళకీ, ఫోన్లు చేసినవాళ్ళకీ, రాలేక కబురు పంపినవాళ్ళకీ ముందుగా నమస్కారాలు. పేరు పేరునా చెప్పుకోవడం అయ్యే పని కాదు గనక ఇక్కడ రాస్తున్నాం.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని చాలామంది అడిగారు. పొగడ్త ఆయనకి గిట్టేది కాదు. ఎవరైనా మొదలుపెడితే "ముందు సరుకు చూడండి" అని మాట మార్చేసేవారు. అందుకని ఆయన పుస్తకాల్లో ఏముందో, ఆ పుస్తకాలు పట్టుకుని ఎవరెవరు ఏ పని చక్కబెట్టారో మాత్రం రాస్తాం. ఇంటి పెద్ద పోయినప్పుడు ఏ వ్యాపార కుటుంబమైనా ఈ పనులన్నీ పడాల్సిందే కాబట్టి వివరాలు కాస్త ఎక్కువే ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మొదటి నమస్కారం ఎదురింటి కాంపౌండరు గారికి, ఆయన పిలిస్తే అర్ధరాత్రి వచ్చిన నేత్రనిధి వాళ్ళకి. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు కళ్ళు తీసుకోవాలి. ఏడుపుల్లో ఆ ఆరు గంటలు ఇట్టే గడిచిపోతాయి. కాంపౌండరు గారు వస్తూనే ఫ్యాను ఆపించారు, ఏసీ వేయించారు, రెప్పలు మూసి పైన తడి దూది పెట్టారు, తలకింద దిండు పెట్టి ఎత్తు చేశారు. ఫ్యాను గాలికి నల్లగుడ్డు మీది పొర ఎండిపోతే అది ఎవరికీ పనికిరాదట. తల పల్లంగా ఉంటే కళ్ళ దగ్గర నెత్తురు చేరుతుంది. అసలు పని అరగంట కూడా పట్టలేదు, ముఖంలో ఏ మార్పూ లేదు. షుగరున్నా, బీపీ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా కళ్ళు ఇవ్వొచ్చు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటే తీసుకోరు. అందుకే కాస్త నెత్తురు కూడా పరీక్షకి పట్టుకెళ్ళారు. నాన్నగారు ఎప్పుడో ఫారం నింపి ఆ కార్డు జేబులోనే పెట్టుకున్నారు. ఫారం లేకపోయినా దగ్గరి బంధువులు ఒప్పుకుని సంతకం పెడితే చాలు.

తర్వాత మా డాక్టరు గారు. ఇంట్లో పోయినవాళ్ళకి చివరిగా వైద్యం చేసిన డాక్టరే ఫారం 4ఎ మీద కారణం రాసివ్వాలి (ఆసుపత్రిలో పోతే ఫారం 4 వాళ్ళే పంపుతారు). ఆయన అడక్కుండానే తెల్లారేసరికి పంపించారు. మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టరు చేయిస్తే రుసుం లేదు. 30 రోజుల వరకూ ఆలస్య రుసుంతో సరిపోతుంది. ఆపైన పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు దాకా వెళ్ళాలి.

అయితే మన తెలుగువాళ్ళకి గడువుకన్నా పేరుతోనే ఎక్కువ చిక్కు. ఇంటిపేరు ఆధార్‌లో ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాన్‌లో పూర్తిగా విప్పి చివర్న ఉంటుంది, పాస్‌పుస్తకంలో అసలు ఉండదు. కొట్టు బోర్డు మీద చూస్తే ఇంకో రకం. మరణ ధ్రువపత్రంలో వీటిలో ఏదో ఒకటి పడిపోయిందంటే మిగతా చోట్లన్నీ "ఇద్దరూ ఒక్కరే" అని అఫిడవిట్లు ఇచ్చుకుంటూ తిరగాలి. మున్సిపల్ ఆఫీసులో ఆ సీట్లో ఉన్న అమ్మాయి ముద్రించే ముందు కంప్యూటరు తెర మా వైపు తిప్పి, "పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి సార్" అంది. ఆ ఒక్క మాటతో ఎన్ని అఫిడవిట్లు తప్పాయో. ఆ అమ్మాయికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సంతకాలు పెట్టడానికి తాసీల్దారు ఆఫీసు దాకా వచ్చిన ఇరుగుపొరుగు పెద్దలకి కూడా.

బ్యాంకు విషయానికొస్తే, ఖాతాదారు పోయారని తెలిసిన క్షణం నుంచి ఆయన సంతకం పెట్టిన చెక్కులు బ్యాంకు చెల్లించకూడదు. ఖాతాలో ఎంత సొమ్మున్నా అంతే. సరుకు పంపినవాళ్ళ చేతుల్లో ఆయన చెక్కులు ఉండిపోయాయి. చెక్కు వాపసు రావడమంటే బజార్లో పేరు పోవడం. మేనేజరు గారు ఒక్కో చెక్కుకీ మెమో మీద కారణం స్పష్టంగా "ఖాతాదారు మరణం" అనే పడేలా చూశారు. డబ్బు చాలక తిరిగొచ్చిందనే అనుమానానికి చోటు లేకుండా పోయింది. ఆ వ్యాపారులు కూడా ఒక్కరంటే ఒక్కరు నోటీసు మాట ఎత్తలేదు. "లెక్క తేలాక చూద్దాం, పనులు కానివ్వండి" అన్నారు. వాళ్ళ బాకీలన్నీ తీరిపోయాయి, రసీదులు పుస్తకంలో అంటించాం.

బ్యాంకులో వ్యాపారానికి తెరిచే కరెంటు ఖాతాకి కూడా నామినీని పెట్టుకోవచ్చని చాలామంది వ్యాపారులకి తెలియదు. ఒక్కరి పేరున నడిచే కొట్టయితే పెట్టుకోవచ్చు. నాన్నగారు పెట్టారు. పత్రాలన్నీ అందాక 15 రోజుల గడువు నిండకుండానే పని అయిపోయింది. నామినీ చేతికొచ్చిన డబ్బు నామినీది అయిపోదు. వారసులందరి తరఫునా పట్టుకునే ధర్మకర్త మాత్రమే. చాలా ఇళ్ళల్లో అన్నదమ్ములు మాటలు మానేసేది ఇక్కడే. ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉంది కదా, పిన్ను తెలుసు కదా అని ఎవరూ డబ్బు తీయకండి. అది నేరం కిందికి వస్తుంది, తర్వాత వివరణ ఇచ్చుకోవడం మహా కష్టం.

ఇప్పుడు ఆడిటరు గారు. పారితోషికం ఇవ్వబోతే "ఆయన దగ్గర ఏళ్ళ తరబడి తీసుకున్నాను, ఇదొక్కటీ వదిలెయ్యండి" అన్నారు. జీఎస్‌టీ నంబరు పాన్‌కి ముడిపడి ఉంటుంది, పాన్ మనిషిది. కాబట్టి సొంతదారు పోతే ఆ నంబరు మీద కొట్టు నడపడానికి లేదు. విడి పప్పుల మీద పన్ను లేకపోయినా మా కొట్లో నూనె, పంచదార కూడా ఉన్నాయి గనక నంబరు తప్పదు. వరస ముఖ్యమని ఆయన మొదటే హెచ్చరించారు. ముందు వారసుడు తన పాన్ మీద, కారణం సొంతదారు మరణం అని చూపించి, 30 రోజుల్లోపు కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఆ తర్వాత పాత నంబరులో మిగిలిన పన్ను క్రెడిట్‌ని (సరుకు కొన్నప్పుడు కట్టి, ఇంకా సర్దుకోవాల్సిన పన్నుని) ఐటీసీ-02 అనే ఫారం ద్వారా కొత్తదానికి మళ్ళించాలి. దానికి ఆడిటరు సర్టిఫికెట్ కావాలి. అది అయ్యాకే ఆర్‌ఈజీ-16 ఫారంతో పాత నంబరు రద్దుకి పెట్టాలి. రద్దయిన మూడు నెలల్లో చివరి రిటర్ను జీఎస్‌టీఆర్-10 వేయాలి. తొందరపడి ముందే రద్దుకి పెట్టేస్తే, గోడౌన్లో ఉన్న నూనె మీద కట్టిన పన్నంతా నీళ్ళలో పోసినట్టే.

దీనికంతటికీ ఓటీపీలు ఆయన ఫోనుకే వస్తాయి. ఫోను అలమరలో పడేసి రీఛార్జి మానేస్తే సిమ్ము చచ్చిపోతుంది, దాంతో పనంతా ఆగిపోతుంది. సంబంధిత జీఎస్‌టీ అధికారికి మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం ఇస్తే మొబైల్ నంబరు మారుస్తారు గానీ అప్పటిదాకా ఆ సిమ్ము బతికుండాలి. ఆదాయపు పన్ను పోర్టల్లో వారసుడిగా నమోదు చేసుకుని, ఏప్రిల్ 1 నుంచి ఆయన పోయిన రోజు దాకా వచ్చిన ఆదాయానికి ఆయన పేరు మీదే రిటర్ను వేయాలి. రీఫండు పని కూడా తెమిలేదాకా పాన్ వాపసు ఇవ్వొద్దు. ఆహార లైసెన్సుకి మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. సొంతదారు పోయినా 90 రోజుల వరకూ వారసుల కోసం చెల్లుతుంది.

హమాలీలకి ఎలా చెప్పాలో తెలియదు. కొట్టు తాళం వేసి ఉన్న రోజుల్లో లోపల పెసలు, మినుములు బస్తాల కొద్దీ ఉన్నాయి. పుచ్చుపురుగు గింజ మీద గుడ్డు పెడితే, ఈ వేడికి నెల తిరక్కుండానే కొత్త తరం గింజకి బెజ్జం పెట్టుకుని బయటికొస్తుంది. పైకి బస్తా బాగానే కనిపిస్తుంది. కుట్టు విప్పితే తెల్లపొడి రాలుతుంది. కూలి మాట ఎత్తకుండానే వాళ్ళు వచ్చి నెట్టు (బస్తాల పేర్పు) విప్పి మళ్ళీ కట్టారు, గోడకీ బస్తాలకీ మధ్య మనిషి పట్టేంత సందు వదిలారు, నేల తేమ తగలకుండా చెక్కల మీదికి ఎత్తారు, పాత సరుకు ముందుకి తెచ్చారు. అనుమానమున్న బస్తాలకి గుర్తు పెట్టి వేరే పేర్చారు. మందు బిళ్ళలు పెట్టే పని మటుకు వాళ్ళు ముట్టుకోలేదు. దానికి శిక్షణ ఉన్నవాళ్ళే రావాలి, ఆ పొగ మనిషిని చంపేస్తుంది. నాన్నగారి ఖచ్చితమైన నియమం అది. ఆ నెట్టు విప్పడంలోనే సరుకు లెక్క కూడా తేలింది. ఆయన పోయిన నాటి నిల్వ బస్తాతో సహా రాసి ఉంటేనే ఆడిటరు గారి పని ముందుకి సాగేది.

ఆయన వ్యాపారం ఎలాంటిదో తెలియాలంటే తూకం దగ్గర నిలబడాలి. యాభై కిలోల గోనెసంచి బరువు అరకిలో పైమాటే. సంచితో కలిపి యాభై తూచి యాభై కిలోల పప్పుకి బిల్లు వేస్తే, కొన్నవాడు గోనెకి కందిపప్పు ధర కట్టినట్టు. ఆయన ప్రతి రకం ఖాళీ సంచినీ ముందు తూచి, కాటా పక్క గోడ మీద సుద్దతో ఆ బరువు రాసి పెట్టేవారు. సంచుల లాటు మారినప్పుడల్లా ఆ అంకె మారేది. చిల్లర కొట్ల వాళ్ళు ఇంకో చోట పావలా తక్కువకి దొరికినా మా దగ్గరికే ఎందుకు వచ్చేవారో ఆ గోడ చూస్తే అర్థమవుతుంది.

కొత్తగా కొట్టు పెట్టినవాడికి ఉద్దెర ఇవ్వడంలో ఆయన పద్ధతి ఇంకా గట్టిది. మొదట రెండు బస్తాలు, పదిహేను రోజుల గడువు. ఆ డబ్బు వచ్చాకే నాలుగు. గడువు దాటితే వడ్డీ వేసేవారు కాదు, తర్వాతి సరుకు సగానికి తగ్గించేవారు. వడ్డీ వేస్తే వాడు ఆ భయానికి ఇంకో కొట్టుకి పోతాడు, పాత బాకీ మునుగుతుంది. సరుకు తగ్గిస్తే అప్పు పెరగదు, మనిషీ మిగులుతాడు. ఇలా లేచిన కొట్లు మా బజార్లో ఎన్నో ఉన్నాయి. వాటి సొంతదారులే మా ఇంటి ముందు షామియానా వేయించారు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ దగ్గర్నుంచి చూసుకున్నారు.

కంప్యూటర్లో లెక్కలకి ట్యాలీ నడుస్తున్నా, చిట్టా (రోజువారీ లెక్క) చేత్తోనే రాసేవారు. రాత్రి రొక్కం నిల్వ కలిస్తే గాని కొట్టు మూయించేవారు కాదు. పెట్రోలు బంకు, ఏటీఎం ఇచ్చే నున్నటి కాగితం బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్ళకి మాయమైపోతాయని వాటికి జిరాక్సు తీయించి వెనక అంటించేవారు. చిట్టా, ఆవర్జా (ఒక్కొక్కరి ఖాతా రాసే పుస్తకం)లతో పాటు మూడో పుస్తకం ఒకటి ఉంది, ధర్మం ఖాతా. అమ్మిన ప్రతి బస్తాకీ ఇంతని అందులో జమ పడేది. ఖర్చు వైపు ఫీజులు, ఆసుపత్రి బిల్లులు, పుస్తకాలు.

ఫీజు డబ్బు ఎప్పుడూ చేతికివ్వలేదు. కాలేజీ పేర చెక్కు రాసి, చెక్కు పుస్తకంలో మిగిలే అడుగుకాయితం మీద పిల్ల పేరు, ఏ ఏడాది, హాల్ టికెట్ నంబరు వేసేవారు. ఇల్లు గడవని చోట చేతికిచ్చిన డబ్బు ముందు బియ్యానికీ అద్దెకీ పోతుంది. అది వాళ్ళ తప్పు కాదు, కానీ పరీక్షనాటికి ఫీజు బాకీ అలాగే ఉంటుంది. ఆసుపత్రి అయితే రోగి పేరు, చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు చెప్పి కౌంటర్లోనే కట్టించేవారు. ఇలా మనిషికి నేరుగా చేసిన సాయానికి ఆదాయపు పన్నులో విరాళాలకి ఇచ్చే 80జి మినహాయింపు రాదని, ఏదైనా ట్రస్టుకి ఇమ్మని ఆడిటరు గారు ఏటా చెప్పేవారట. ఏటా విని నవ్వేసేవారట.

ఇక ఆయన అప్పులిచ్చి రాయించుకున్న ప్రోనోట్ల కట్ట. మేం ఎక్కువగా కృతజ్ఞత చెప్పుకోవాల్సినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. అడగ్గానే తీర్చాల్సిన నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్ళే బలం. ఆలోగా కొంత సొమ్ము కట్టి నోటు వెనక బాకీదారు తన చేత్తో చెల్లు రాసి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు. లేకపోతే కాలదోషం పడుతుంది, కోర్టుకి వెళ్ళినా రాదు. కట్టలో సగం నోట్ల వెనక గడువు లోపలే చెల్లులు పడ్డాయి, ఒక్కటీ తప్పలేదు. మిగతా సగం ఖాళీ. ఇంత జాగ్రత్త మనిషి ఇవెలా వదిలేశారా అని చూస్తే, వకీలు గారు వీలునామాలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. కాలదోషం పట్టిన నోట్ల తాలూకు ఎవరినీ వారసులు అడగరాదని, ఆ బాకీలు వదిలేశానని ఉంది. కుదిరినవాళ్ళ దగ్గర చెల్లు అడిగి రాయించుకున్నారు, కుదరనివాళ్ళని గడువు దాటేదాకా అసలు కదిపేవారు కాదు. వాళ్ళ మొహాన "మాఫీ చేశాను" అనకుండా, నోటు దానంతట అదే చచ్చిపోయేలా చూశారు.

వీలునామా మామూలు తెల్లకాగితం మీదే ఉంది. దానికి స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు, ప్రతి పేజీ మీదా ఆయన సంతకం ఉంది. ఆ వాక్యమే లేకపోతే బాకీ వదిలెయ్యడానికి వారసులందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. వసూలుకి వేసిన దావాలో డిక్రీ రావాలన్నా కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం కావాలి. దానికి నెలలు పడుతుంది.

ఆ ఖాళీ నోట్ల మనుషులే వచ్చారు. పుస్తకం అడగలేదు, నోటు చూపించమనలేదు. రుమాల్లో కట్టి తెచ్చిన డబ్బు బల్ల మీద పెట్టి, ఎంత రాసిందీ వాళ్ళే చెప్పారు. చట్టం వాళ్ళని అడగదు, వీలునామా మమ్మల్ని అడగనివ్వదు. అయినా ఇస్తామంటే కాదనడానికి మాకు మాట రాలేదు. తెచ్చిన ప్రతి రూపాయీ ధర్మం ఖాతాలో వాళ్ళ పేరునే జమ వేశాం. నోటు మీద అడ్డంగా "చెల్లు" అని రాసి, వారసులందరి సంతకాలతో వాళ్ళ చేతికిచ్చేశాం. వాళ్ళందరికీ చేతులెత్తి నమస్కారం. పేర్లు రాయడం లేదు, రాస్తే ఆయన ఊరుకునేవారు కాదు.

గుమాస్తా గారి మాట చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఏ కాగితం ఏ బీరువాలో, ఏ వరసలో ఉందో ఆయనకి కళ్ళు మూసుకుని తెలుసు. గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఏళ్ళ లెక్కన ఇచ్చే సొమ్ము) నియమం పది మందికి తగ్గకుండా పనిచేసే కొట్లకే వర్తిస్తుంది. మా కొట్లో అంతమంది లేరు. అయినా నాన్నగారు అందరికీ అదే లెక్కన విడిగా బ్యాంకులో వేస్తూ వచ్చారు. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేసి, పనిచేసిన ఏళ్ళతో గుణించాలి. జీతం 13,000 అనుకుంటే ఏడాదికి 7,500. ఇరవై నాలుగేళ్ళకి 1,80,000. గుమాస్తా గారు తన లెక్క తానే వేసుకోవాల్సి వచ్చింది. మొత్తం కాస్త తగ్గించి రాశారు, ఆడిటరు గారు పట్టుకుని సరిచేశారు.

చివరిగా ఒక మనవి. ఇనప్పెట్టెలో జనం దాచుకోమని ఆయనకిచ్చిన కవర్లు కొన్ని ఉన్నాయి. పొలం దస్తావేజులు, సర్టిఫికెట్లు, బ్యాంకు రసీదులు అయ్యుంటాయి. మేం ఏదీ విప్పలేదు. కవరు మీద ఆయన చేతిరాతతో పేరు, తేదీ ఉన్నాయి. ఇచ్చినప్పుడు ఆయన రాసిచ్చిన చీటీ, ఆధార్ తెచ్చుకుంటే గుమాస్తా గారు పుస్తకంలో సంతకం తీసుకుని ఇచ్చేస్తారు. చీటీ పోయినా రండి, చిట్టాలో ఆ తేదీన రాసే ఉంటుంది. ఇచ్చిన మనిషి ఇప్పుడు లేకపోతే వారి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తేవాలి, వారసులందరూ కలిసి వస్తే మరీ మంచిది. ధర్మం ఖాతా ఆగలేదు. ఈ ఏడు ఫీజులు కట్టాల్సిన పిల్లలు కాలేజీ ఇచ్చిన డిమాండు కాగితం తెస్తే ఎప్పటిలాగే కాలేజీ పేర చెక్కు వెళ్తుంది. పొద్దున్న పూట రండి. మధ్యాహ్నం లారీలు దిగుతాయి, ఎవరికీ తీరిక ఉండదు.